తీర్మానం మనది, తాళాలు వాళ్లవి

పంచాయతీ ఆఫీసులో ఒక లావుపాటి పుస్తకం ఉంటుంది. పేరు తీర్మానాల పుస్తకం. మన సీమలో ఏ ఊరిదైనా తిరగేసి చూడండి. ఎస్సీ కాలనీకి బోరు వేయించాలి. కాలిపోయిన మోటారు బాగు చేయించాలి. మురుగు కాలువ పూడిక తీయించాలి. వీధి దీపాలు మార్చాలి. ఎండాకాలం ట్యాంకరు తోలించాలి. ప్రతి దాని కింద ఒకటే మాట: ఏకగ్రీవంగా తీర్మానించడమైనది. దాని కింద సంతకాలు, వేలిముద్రలు. మళ్లీ ఆర్నెల్లకు అదే కాలనీ, అదే బోరు, అదే ఏకగ్రీవం. సీమ గతిని ఇంత నిజాయితీగా రాసిన గ్రంథం ఇంకొకటి లేదు.

చదువుకున్న వాళ్లకు ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. ప్రత్యేక రాష్ట్రం కోసం గొంతు చించుకునే పత్రికలో మురుగు కాలువ ముచ్చట ఎందుకని అడగవచ్చు. మేం చెప్పదలిచింది ఒక్కటే. ఊరి తీర్మానానికి విలువ లేని చోట రాష్ట్రం తీర్మానానికీ విలువ ఉండదు. పంచాయతీకి జరిగిన మోసమూ, సీమకు జరిగిన మోసమూ ఒకే చేతి పని. ఉదాహరణకు ఎక్కడికో పోనక్కర్లేదు. చిలమత్తూరు చాలు.

చిలమత్తూరు పాత అనంతపురం జిల్లాకు దక్షిణపు గడప. 2022 ఏప్రిల్ 4 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. కొడికొండ చెక్‌పోస్టు దాటితే కర్ణాటక, బాగేపల్లి. ఇక్కడి వానలు ఏడాదికి 550 మిల్లీమీటర్ల అటూ ఇటూ. అదీ పడిన ఏడే. బతుకుతెరువు వెతుక్కుంటూ పోయేవాడికి విజయవాడ కంటే, అమరావతి కంటే బెంగళూరే దగ్గర. మండల కేంద్రమే అయినా మున్సిపాలిటీ లేదు. ఊరిని ఏలేది గ్రామ పంచాయతీ, మండలాన్ని చూసేది మండల పరిషత్తు. హిందూపురం నియోజకవర్గంలోది కాబట్టి రాజకీయంగా అనామకమూ కాదు. ఎన్టీ రామారావును 1985 నుంచి అసెంబ్లీకి పంపిన నియోజకవర్గం ఇది. ఈ రాష్ట్రంలో మండలాలను తెచ్చిందీ ఆయనే. 2014 నుంచి ఆయన కొడుకు బాలకృష్ణను గెలిపించిందీ ఈ ఓటర్లే. ముఖ్యమంత్రి సీటున్న చోట పంచాయతీకి పలుకుబడి ఉంటుందనుకుంటాం. ఉందా?

రాజ్యాంగం సంగతే ముందు చూద్దాం. 73వ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చింది. పదకొండో షెడ్యూలులో 29 అంశాలు రాశారు. తాగునీరు, చిన్నతరహా సాగునీరు, రోడ్లు, బడులు, పశువులు, చేపలు, పేదరిక నిర్మూలన, అన్నీ అందులో ఉన్నాయి. కానీ ఆ అధికారాలు పంచాయతీకి ఇవ్వాలని 243జి అధికరణం గట్టిగా చెప్పలేదు. రాష్ట్ర శాసనసభ చట్టం చేసి ఇవ్వవచ్చు అని చెప్పింది. ఆ ఒక్క ‘వచ్చు’ మన కొంప ముంచింది. ఇవ్వవచ్చు అంటే ఇవ్వకపోవచ్చు కూడా. 1994లో ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం వచ్చింది. అంశాలు కాగితం మీదికి వచ్చాయి. నిధులు, ఉద్యోగులు మాత్రం హైదరాబాదులోనే ఉండిపోయారు. తర్వాత అమరావతికి మారారు. చిలమత్తూరుకు రాలేదు.

పంచాయతీకి పాలకులిచ్చిన గౌరవానికి ఒక లెక్క చెబుతాం. ఆగస్టు 15న, జనవరి 26న జెండా పండుగ జరుపుకోవడానికి చిన్న పంచాయతీకి 100 రూపాయలు, పెద్ద పంచాయతీకి 250 రూపాయలు ఇచ్చేవాళ్లు. దశాబ్దాల తరబడి అంతే. 2024లో దాన్ని 10 వేలు, 25 వేలు చేశారు. చేసిన వాళ్లకు నమస్కారం పెడదాం. కానీ ఆలోచించండి. మంత్రుల కార్లు మారాయి, జీతాలు పెరిగాయి, సచివాలయాలు కట్టారు, కూల్చారు, మళ్లీ కట్టారు. ఊరి జెండాకు మాత్రం అన్నేళ్లూ వంద రూపాయలే. బడిపిల్లలకు చాక్లెట్లు కూడా రాని వంద రూపాయలు.

ఇంకో లెక్క. 2013లో ఎన్నికైన పంచాయతీల గడువు 2018 ఆగస్టులో అయిపోయింది. తర్వాత ఎన్నికలు జరిగింది 2021 ఫిబ్రవరిలో. రెండున్నరేళ్లు సర్పంచి లేడు, వార్డు సభ్యుడు లేడు. ప్రత్యేకాధికారులు ఏలారు. తెలుగుదేశం ప్రభుత్వం వాయిదా వేస్తే, వైఎస్సార్ కాంగ్రెస్ ప్రభుత్వం ఆ వాయిదాను పొడిగించింది. ఈ ఒక్క విషయంలో రెండు పార్టీలకూ తగాదా లేదు. అసెంబ్లీ ఎన్నిక ఆర్నెల్లు ఆలస్యమైతే దేశం గగ్గోలు పెట్టేది. పంచాయతీ రెండున్నరేళ్లు ఖాళీగా ఉంటే పేపర్లో మూడో పేజీ వార్త.

సరే, 2021లో గెలిచిన సర్పంచులు కుర్చీలో కూర్చున్నారు. ఆ ఏడాది చివరికల్లా ఏం జరిగింది? కేంద్ర ఆర్థిక సంఘం నుంచి పంచాయతీల కోసం వచ్చిన డబ్బును రాష్ట్ర ప్రభుత్వం కరెంటు బకాయిలకు జమ కట్టుకుంది. సర్పంచిని అడగలేదు. పంచాయతీ తీర్మానం లేదు. రాత్రికి రాత్రి ఖాతా ఖాళీ. సర్పంచులు రోడ్డెక్కారు. పార్టీ కండువాలు వేరైనా బాధ ఒకటే. వీధి దీపాల బాకీ నిజమే కావచ్చు. కానీ ఇంటాయన జేబులోంచి అడక్కుండా డబ్బు తీసి, నీ బాకీ నేనే కట్టానులే అంటే దాన్ని మన పల్లెల్లో ఏమంటారో మాకంటే మీకే బాగా తెలుసు.

2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు తెరిచారు. లక్షకు పైగా ఉద్యోగాలు వచ్చాయి. మన సీమ పిల్లలకూ వచ్చాయి. సంతోషమే. ఆ ఉద్యోగుల మీద మాకు ఏ కోపమూ లేదు, వాళ్లు మా పాఠకులు. కానీ ఊళ్లో ఉన్న పంచాయతీ పక్కనే ఇంకో ఆఫీసు పెట్టి, పనులన్నీ దాంట్లో పెట్టి, సర్పంచిని జెండా కట్టే మనిషిగా మిగిల్చారని సర్పంచుల సంఘాలు మొత్తుకున్నాయి. ఉద్యోగి ఊళ్లోనే ఉన్నా, అతని పైవాడు రాజధానిలో ఉన్నాడు. ఊరికి జవాబు చెప్పే బాధ్యత అతనికి ఎవరూ అప్పగించలేదు. తప్పు ఉద్యోగిది కాదు, తాళాలు ఎవరి చేతుల్లో ఉన్నాయన్నదే ప్రశ్న.

2024 ఆగస్టు 23న రాష్ట్రమంతా 13,326 గ్రామ పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టారు. రికార్డు అన్నారు. మంచిదే. ఊరు ఊరంతా ఒకచోట కూర్చోవడం ఎప్పుడైనా మంచిదే. కానీ రికార్డు సభలది, మాటకు కట్టుబడిన రికార్డు కాదు. ఆ రోజు రాసుకున్న పనుల్లో ఎన్ని అయ్యాయి, ఎన్ని ఆగాయి, ఎందుకు ఆగాయి అని తర్వాతి సభలో చదివి వినిపిస్తేనే అది గ్రామసభ. లేకుంటే ఫొటో సభ.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాం. భూమి సంగతి.

చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో లేపాక్షి నాలెడ్జి హబ్ పేరుతో 2008-09 నాటికి 8,800 ఎకరాలకు పైగా భూమిని ఒక ప్రైవేటు కంపెనీ చేతికి అప్పగించారు. చదువులు వస్తాయి, కంపెనీలు వస్తాయి, ఉద్యోగాలు వస్తాయి అన్నారు. శనక్కాయ పండే నేల పోయింది, గొర్రెలు మేసే బీడు పోయింది. హబ్ రాలేదు. వచ్చింది కోర్టు కేసు. సీబీఐ చార్జిషీటు వేసింది. ఆ భూముల కాగితాలు బ్యాంకుల తాకట్టులోకి పోయాయి. కంపెనీ దివాలా ప్రక్రియలోకి పోయింది. నేరం ఎవరిదో కోర్టులు తేలుస్తాయి, అది మా పని కాదు. మా ప్రశ్న వేరే. 8,800 ఎకరాలంటే కొన్ని ఊళ్ల పొలిమేరలు. ఇంత భూమి చేతులు మారుతున్నప్పుడు చివరి మాట ఆ ఊళ్ల గ్రామసభలది ఎందుకు కాలేదు? బోరు మోటారుకు తీర్మానం అడిగే చట్టం, ఊరి నేలంతా పోతున్నప్పుడు ఊరి తీర్మానానికి ఎందుకు తలవంచలేదు?

అప్పట్లో 1894 నాటి తెల్లదొరల భూసేకరణ చట్టమే దిక్కు. 2013లో కొత్త చట్టం వచ్చింది. ప్రైవేటు కంపెనీ కోసం భూమి తీసుకోవాలంటే నూటికి 80 మంది బాధితుల ఒప్పుకోలు కావాలంది. సామాజిక ప్రభావం మీద ఊరితో మాట్లాడాలంది. ఐదేళ్లు వాడని భూమిని సొంతదారుకు తిరిగి ఇవ్వాలి, లేదా ప్రభుత్వ ల్యాండ్ బ్యాంకుకు చేర్చాలి అంది. అంతలోనే 2018లో ఆంధ్రప్రదేశ్ ఆ చట్టానికి సవరణ చేసుకుని, కొన్ని రకాల ప్రాజెక్టులకు ఆ సామాజిక ప్రభావ అధ్యయనం లేకుండా చేసే దారి తెరిచింది. ఊరిని అడగడమంటే అంత భయం ఎందుకో!

2025 జూలైలో సరిహద్దు అవతల ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. బెంగళూరు విమానాశ్రయం దగ్గర దేవనహళ్లి తాలూకాలో 1,777 ఎకరాలు విమాన పరిశ్రమకు తీసుకోవాలని కర్ణాటక ప్రభుత్వం చూసింది. 13 ఊళ్ల రైతులు మూడేళ్లకు పైగా కూర్చున్నారు, కదల్లేదు. చివరికి జూలై 15న ముఖ్యమంత్రి సిద్ధరామయ్య వెనక్కి తగ్గారు. వెంటనే మన మంత్రి లోకేశ్ ఆ పరిశ్రమలను ఇటు రమ్మని పిలిచారు. బెంగళూరుకు ఆనుకునే మా దగ్గర 8 వేల ఎకరాలకు పైగా సిద్ధంగా ఉంది అన్నారు. పత్రికలు లేపాక్షి, మడకశిర ప్రాంతం పేర్లు రాశాయి.

పరిశ్రమలు రావద్దని మేం అనం. కియా పెనుకొండ దగ్గరికి వస్తే మన పిల్లలకు పని దొరకాలనే కోరుకున్నాం. కానీ ‘సిద్ధంగా ఉంది’ అన్న మాట దగ్గర ఆగుతున్నాం. ఎవరు సిద్ధం చేశారు? ఎవరిని అడిగి సిద్ధం చేశారు? అక్కడ రైతు వద్దన్నాడు కాబట్టి ఆగింది. ఇక్కడ ఎకరాల లెక్క ముందే చెప్పేశారు, ఊరి మాట ఎక్కడా వినపడలేదు. అదే కరువు నేల, రెండు వైపులా తెలుగు మాట్లాడే జనమే. మధ్యలో ఉన్నది ఒక చెక్‌పోస్టు. మరి ఈ తేడా ఎందుకు?

తేడాకు ఒక చరిత్ర ఉంది. 1983లో కర్ణాటక రామకృష్ణ హెగ్డే కాలంలో పంచాయతీరాజ్ చట్టం చేసింది. ఆ శాఖ మంత్రి అబ్దుల్ నజీర్ సాబ్. ఊరూరా బోర్లు వేయించినందుకు జనం ఆయన్ని నీర్ సాబ్ అని పిలుచుకున్నారు. నీళ్లిచ్చిన మనిషే ఊరికి అధికారమూ ఇవ్వాలని పట్టుబట్టాడు. 73వ సవరణ రాకముందే అక్కడ ఆ విత్తనం పడింది. 2025 ఫిబ్రవరిలో కేంద్ర పంచాయతీరాజ్ శాఖ రాష్ట్రాల అధికార బదిలీ సూచీ విడుదల చేస్తే కర్ణాటక మొదటి స్థానంలో నిలిచింది. కేరళ రెండు, తమిళనాడు మూడు. మొదటి ఐదింటిలో మన పేరు లేదు. కర్ణాటక స్వర్గమని మేం చెప్పడం లేదు. అక్కడా భూములు పోయాయి, అక్కడా లంచాలున్నాయి. కానీ ఊరి మాటకు ఒక బరువు అలవాటు చేస్తే, ఆ బరువు ఏదో ఒక రోజు ముఖ్యమంత్రి మెడ వంచుతుంది.

మన జనానికి అది చేతకాదా? చిలమత్తూరు మండలంలోనే వీరాపురం ఉంది. ఏటా ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఊరి చింతచెట్ల మీద గూళ్లు కడతాయి. పేపర్లు సైబీరియా కొంగలని రాస్తాయి గానీ అవి మన దేశపు పక్షులే. కాన్పుకు పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డల్ని చూసుకున్నట్టు ఊరు వాటిని చూసుకుంటుంది. కొట్టకూడదు, తరమకూడదు. ఈ కట్టుబాటుకు జీవో లేదు, నిధులు లేవు, ప్రత్యేకాధికారి లేడు. ఊరు అనుకుంది, తరాలుగా నిలబెట్టుకుంది. అలాంటి జనానికి తమ చెరువును, తమ బీడును, తమ బోరును చూసుకోవడం రాదని ఏ ముఖంతో అంటారు? కాకపోతే ఒకటి. కొంగను కాపాడే కట్టుబాటు ఊరి చేతిలో ఉంది, కొంగకు చేప దొరికే చెరువులోకి నీళ్లు తెచ్చే అధికారం ఊరి చేతిలో లేదు. చెరువు ఎండితే ఊరి కట్టుబాటు ఒక్కటే ఏం చేయగలదు?

ఇదే లెక్క సీమకూ వర్తిస్తుంది. 1937 నవంబరు 16న శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నారు. కృష్ణా, తుంగభద్ర నీళ్లలో సీమకు, నెల్లూరుకు ముందు వాటా అన్నారు. రాజధాని గానీ హైకోర్టు గానీ కోరుకునే హక్కు సీమదన్నారు. అదీ ఒక తీర్మానమే, అదీ ఏకగ్రీవమే. 1953లో కర్నూలు రాజధాని అయింది, మూడేళ్లకు పోయింది. 2019 జనవరి 1న హైకోర్టు మళ్లీ కోస్తాలోనే తెరిచారు. 2020లో కర్నూలు న్యాయ రాజధాని అని చట్టం చేశారు, 2021లో వెనక్కి తీసుకున్నారు. 2024 నవంబరులో కర్నూలుకు హైకోర్టు బెంచి కావాలని అసెంబ్లీలో తీర్మానం చేశారు. మళ్లీ తీర్మానమే! రాష్ట్ర విభజన తర్వాత వెనుకబడిన జిల్లాలకు ఏటా 50 కోట్ల చొప్పున ఇస్తామన్నారు, ఆ మాట పూర్తిగా నిలబెట్టుకోలేదు. చిలమత్తూరు ఎస్సీ కాలనీ బోరుకూ, శ్రీబాగ్‌కూ తేడా సైజులోనే. రెండింటిలోనూ సంతకం మనది, తాళం వాళ్లది.

అందుకే ప్రత్యేక రాయలసీమ రాష్ట్రం కావాలంటున్నాం. కానీ ఉద్యమ మిత్రులతో ఒక మాట కటువుగానే చెప్పాలి. రాష్ట్రం వస్తే పంచాయతీ దానంతట అదే బతకదు. తెలంగాణను చూడండి. 2014 జూన్ 2న కోట్లాది జనం కల నిజమైంది. అదే తెలంగాణలో 2024 ఫిబ్రవరి మొదట్లో సర్పంచుల గడువు అయిపోతే, మళ్లీ ఎన్నికలు జరిగింది 2025 డిసెంబరులో. దాదాపు రెండేళ్లు పల్లెలు ప్రత్యేకాధికారుల చేతుల్లో ఉన్నాయి. ఇక్కడ రెండున్నరేళ్లు, అక్కడ రెండేళ్లు. రాజధాని దగ్గరైనా గ్రామసభ దూరంగానే ఉండిపోవచ్చని దాని అర్థం. రేపు కర్నూలులోనో అనంతపురంలోనో సచివాలయం కట్టి, అందులో మన మాటే మాట్లాడే దొర కూర్చుని, చిలమత్తూరు భూమి సిద్ధంగా ఉంది అని ప్రకటిస్తే మనం ఏం చేస్తాం? మన దొర కాబట్టి చప్పట్లు కొడతామా?

కొట్టకూడదు. అందుకే రాష్ట్రం డిమాండును గ్రామసభలోంచి కట్టుకుంటూ రావాలి. 2016 మే 31న సిద్ధేశ్వరం దగ్గర అలుగు కట్టాలని రైతులే పోయి శంకుస్థాపన చేశారు. పోలీసులు దారులు మూసినా పోయారు. ప్రభుత్వం చేయకపోతే జనమే తీర్మానించుకుంటారని ఆ రోజు చూపించారు. ఆ తెగువ ప్రతి ఊరి రచ్చకట్ట దగ్గరికి రావాలి.

ఏం చేయాలి? పెద్ద పనులేం కావు. విద్యార్థులు సొంత ఊరి గ్రామసభ తేదీ కనుక్కోండి. ఎస్కే యూనివర్సిటీలో, జేఎన్‌టీయూలో ధర్నాకు ఒక బస్సు ఎక్కినట్టే, ఆ రోజు ఊరికి బస్సు ఎక్కండి. పోయిన సభ తీర్మానాలు చదవమని అడగండి. చదవకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. 2005 నాటి ఆ చట్టం కింద మన రాష్ట్రంలో గ్రామస్థాయి ఆఫీసులో దరఖాస్తుకు ఫీజు కూడా లేదు. తెల్లకాగితం చాలు. తీర్మానాల పుస్తకం నకలు తీసుకుని, అయినవి, కానివి రెండు వరుసలుగా రాసి పంచాయతీ గోడకు అంటించండి. ఉద్యోగ మిత్రులకు చట్టాలు తెలుసు, ఫైలు ఎక్కడ ఆగుతుందో తెలుసు. ఆ తెలివి ఊరికి ధారపోయండి. సర్పంచులూ వార్డు సభ్యులూ ఏ పార్టీ వాళ్లయినా సరే, మూడు తీర్మానాలు పుస్తకంలోకి ఎక్కించండి. పంచాయతీ ఖాతాలోని రూపాయి పంచాయతీ తీర్మానం లేకుండా కదలకూడదు. ఊరి భూమి గ్రామసభ ఒప్పుకోకుండా చేతులు మారకూడదు. నాలెడ్జి హబ్ భూముల భవిష్యత్తు ఆ ఊళ్ల సభల్లోనే తేలాలి.

ఈ మూడూ ఆమోదించిన పంచాయతీలు పది అయితే మండలం వింటుంది, వంద అయితే జిల్లా వింటుంది. సీమ అంతా అయితే దాన్ని అమరావతి వినక తప్పదు, ఢిల్లీ వినక తప్పదు. అప్పుడు ప్రత్యేక రాష్ట్రం ఎవరో మనకిచ్చే వరం కాదు. ఊళ్లు కూర్చుని రాసుకున్న తీర్మానం. రేపటి రాయలసీమ రాష్ట్ర చట్టంలో 243జి లోని ఆ ‘వచ్చు’ తీసేసి ‘తీరాలి’ అని రాయించుకోవాలంటే, ఆ మాట అనే అలవాటు ఈ రోజే చిలమత్తూరు గ్రామసభలో మొదలు కావాలి.